చుట్టాలు ఎక్కువగా వస్తారా సార్?

గేటుకు ‘టు-లెట్’ బోర్డు కనిపిస్తే చాలు, నా బండి దానంతటదే స్లో అయిపోతుంది. ఇప్పుడు ఇల్లు మారే పనేమీ లేదు. అయినా సరే... ఎన్ని గదులు, నీళ్ళెట్లా, బాడుగెంత అని అడిగి తెలుసుకుని వస్తేగానీ మనసు ఊరుకోదు. ‘పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నా పెళ్ళిచూపులకు పోతానన్నాడంట నీలాంటోడు’ అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. చేస్తే చేసింది. తిరుపతిలో ఆరిళ్ళు మారినవాడికి ఏడో ఇంటి మీద ఓ కన్ను ఎప్పుడూ ఉంటుంది.

ఇల్లు చూడ్డానికి వెళితే ఓనర్లు అడిగే ప్రశ్నలు ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఒకటే. ఏం ఉద్యోగం? ఎంతమంది ఉంటారు? నాన్‌వెజ్ తింటారా? మీరేమోళ్ళు? ఈ ఆఖరుదాన్ని నేరుగా అడిగేవాళ్ళు కొందరైతే, ‘మీ సొంతూరేది, ఇంటిపేరేమి’ అంటూ ఊరంతా చుట్టి అదే వాకిటి ముందుకొచ్చి నిలబడేవాళ్ళు కొందరు. తిరుపతిలో వీటన్నిటికీ జవాబు చెప్పి, హమ్మయ్య అనుకుని, అడ్వాన్సు మాట ఎత్తబోయేసరికి ఇంకో ప్రశ్న వస్తుంది. ఇది మా ఊరి స్పెషల్.

“చుట్టాలు ఎక్కువగా వస్తారా సార్?”

కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్నలోని బరువు అర్థం కాదు. తిరుపతిలో బాడుగిల్లు అంటే బోర్డు లేని సత్రం. పెదనాన్న మనవరాలికి పుట్టెంట్రుకలు, మేనత్త కొడుక్కి పెళ్ళి కుదిరిన మొక్కు, నాన్నతో కలిసి పనిచేసినాయనకు మోకాళ్ళ ఆపరేషన్ సక్సెస్ అయిన మొక్కు... అందరి దారీ మన వీధిలోంచే. తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగుతారు. ‘రూమెందుకురా దండగ, రెండు గంటల పనికి’ అంటారు. స్నానాలు చేసి, ఇడ్లీ తిని, సామాన్లు మనింట్లో పడేసి కొండెక్కుతారు. దర్శనం చేసుకుని దిగొచ్చాక గుండుకు చందనం ఆరేదాకా మళ్ళీ మనింట్లోనే. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు... ఈ మూడు సీజన్లలో మన ఇంట్లో మనకు చాప దొరికితే అదృష్టం.

వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. చిన్నప్పుడు మేమూ అట్లా ఎవరింట్లోనో దిగినవాళ్ళమే. కాకపోతే అప్పుడు ఆ ఇంటి ఓనరు ముఖం ఎట్లుందో చూసే వయసు కాదు.

నేను ఆ ముఖం చూసింది కొర్లగుంటలో. నా రెండో ఇల్లు అది. కింద ఓనరు దంపతులు, పైన మిద్దె మీద రెండు పోర్షన్లు. ఒకటి మాది. ఆయన రిటైరైన మనిషి. పొద్దున ఆరింటికి మోటారు వేస్తారు, ఆరూ నలభై అయిదుకు ఆపేస్తారు. గడియారం తప్పినా ఆయన తప్పరు. ఆ ముప్పావు గంటలో పైన ట్యాంకు నిండినంత నిండినట్టు. రోజంతా అవే నీళ్ళు.

ఓసారి మా ఊరినుంచి పదకొండు మంది టెంపో ట్రావెలర్‌లో దిగారు. మా చిన్నాన్న మనవడికి తలనీలాలు. ఐదింటికి మొదలైన స్నానాలు ఏడింటికి గానీ అయిపోలేదు. ఎనిమిదికి కిందికి దిగి చూద్దును కదా... ఓనరు సంపు మూత తీసి, లోపలికి ఒక పొడవాటి వెదురు కర్ర దించి నిలబడున్నారు. కర్రకు పెయింటుతో గీతలు. థర్మామీటరు లాగా! ఆ కర్రను పైకి తీసి నాకు చూపించారు.

“నిన్న రాత్రి మూడు గీతలుండె నాయనా. ఈపొద్దు చూడు, ఒకటిన్నర.”

అంతే. ఇంకో మాట లేదు. తిడితే బాగుండేదనిపించింది.

ఆ రోజు సాయంత్రం రెండు లడ్డూలు పట్టుకుని కిందికి వెళ్ళాను. తిరుపతిలో బాడుగకుండేవాళ్ళందరికీ తెలిసిన చిట్కా ఇది. చుట్టాలు కొండ దిగాక మొదటి లడ్డూ ఓనరుకు పోవాలి. ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నారు. తీసుకుని, “వచ్చే నెలకు వేరే ఇల్లు చూసుకో నాయనా” అన్నారు.

నేనిచ్చిన అడ్వాన్సు ముప్పై వేలు. రసీదు లేదు, అగ్రిమెంటు లేదు. పెద్దాయనను కాగితం అడగడానికి మొహమాటం. ఖాళీ చేసిన రోజు ఆయన ఒక పాత డైరీలోంచి లెక్క తీశారు. పెయింటింగ్‌కు ఒక నెల బాడుగ, బాత్రూంలో కుళాయి మార్చినందుకు కొంత, గోడకు కొట్టిన మేకులకు కొంత, కరెంటు బకాయి కొంత... చివర్లో ‘ట్యాంకరు’ అని ఒక పద్దు. చుట్టాలు వచ్చిన వారం ఆయన తెప్పించిన ట్యాంకరు నీళ్ళలో నా వాటా. అన్నీ పోగా చేతికొచ్చింది పదకొండు వేల అయిదు వందలు. ఆ కుళాయి నేను దిగకముందు నుంచే కారుతుండేది. కానీ చెప్పడానికి నా దగ్గరేముంది? దిగిన రోజు ఒక్క ఫొటో తీసుకున్నా సరిపోయేది. పాలు పొంగించిన గిన్నెను మాత్రం నాలుగు ఫొటోలు తీశాం.

ఇంతవరకు చదివి ఆయన మీద కోపం తెచ్చుకోకండి. నాకూ అప్పుడు వచ్చింది, తర్వాత తగ్గింది. ఆ వీధిలో బోర్లు అప్పటికి ఒక్కొక్కటే నోరు వెళ్ళబెడుతున్నాయి. కళ్యాణి డ్యాం నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు అని పేర్లు పెద్దవే గానీ, కార్పొరేషన్ కుళాయి వచ్చే వంతు కోసం కాచుక్కూర్చునే వీధులు ఊళ్ళో ఎన్నో. ఆయన పి.ఎఫ్. డబ్బంతా పోసి మిద్దె మీద ఆ రెండు పోర్షన్లు వేసుకున్నారు. పిల్లలు దూరంగా ఉన్నారు. మా రెండు బాడుగలే ఆ ఇంటి మందులూ, పాలూ. సంపులో గీత తగ్గితే ఆయనకు నీళ్ళు కనిపించవు, ట్యాంకరుకిచ్చే డబ్బులు కనిపిస్తాయి. ఓనరనగానే మనకు సినిమాల్లో తాళంచెవుల గుత్తి తిప్పేవాడే గుర్తొస్తాడు. తిరుపతి, చిత్తూరు వీధుల్లో నేను చూసిన ఓనర్లలో సగానికి సగం మంది మనలాంటివాళ్ళే. ఒక మెట్టు పైన... కాదు, చాలాసార్లు ఒక మెట్టు కిందే ఉండి, పైభాగం మనకిచ్చినవాళ్ళు.

కరెంటు దగ్గర మాత్రం నేను ఓనర్ల పక్షం కాదు. మూడు పోర్షన్లకు కలిపి ఒకే మీటరు, లోపల సబ్ మీటర్లు. యూనిట్‌కు తొమ్మిదో, పదో రూపాయలు చొప్పున ఓనరు వసూలు చేసుకుంటాడు. 2022లో రాష్ట్రంలో మార్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 400 యూనిట్లు దాటితే 9 రూపాయల 75 పైసలు. మూడిళ్ళ వాడకం ఒకే మీటరు మీద పడితే బిల్లు నేరుగా పై శ్లాబుకు ఎక్కి కూర్చుంటుంది. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు వాడే కుటుంబం ఏసీ ఇంటి రేటు కడుతుంది. దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. వేరే మీటరుకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఓనరు ఒక్క సంతకం చేస్తే చాలు. ఆ సంతకం కోసం నేను మూడో ఇంట్లో ఏడాదిన్నర అడిగాను. నాలుగో ఇంటికి మారాక గానీ వేరే మీటరు దక్కలేదు.

నాది ముప్పై వేలతో పోయిన కథ. చిత్తూరులో మా అక్కావాళ్ళ వీధిలో ఒకాయనది అయిదు లక్షల కథ.

చిత్తూరు వైపు బాడుగతో పాటు ‘భోగ్యం’ పద్ధతి ఉంది. తెలియనివాళ్ళకు చెప్పాలి. ఓనరుకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాం. ఆ డబ్బు మీద వడ్డీ ఉండదు, ఇంటికి నెలనెలా బాడుగ ఉండదు. రెండేళ్ళో మూడేళ్ళో ఉండి, ఖాళీ చేసేటప్పుడు మన మొత్తం మనం తీసుకుపోతాం. అటు మద్రాసు వైపు, ఇటు బెంగుళూరు వైపు ఉన్న అలవాటే. బెంగుళూరులో దీన్నే ‘లీజు’ అంటారు. రెండు రాష్ట్రాలకూ వాకిలి లాంటి ఊరు కాబట్టి చిత్తూరుకు సులభంగా అబ్బింది. చేతిలో ఊరి పొలం అమ్మిన డబ్బు ఉండి, నెల జీతం తక్కువున్న కుటుంబానికి ఇది వరం లాగే కనిపిస్తుంది.

ఆయన చిన్న ఫ్యాన్సీ షాపు పెట్టుకున్న మనిషి. అయిదు లక్షలిచ్చి మూడేళ్ళకు దిగాడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నారు, ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. ‘మనలో మనకెందుకప్పా’ అన్నాడు ఓనరు. రెండో ఏడు నడుస్తుండగా ఒకరోజు షాపు మూసి ఇంటికొచ్చేసరికి గేటుకు బ్యాంకు నోటీసు అంటించి ఉంది. ఇల్లు అంతకుముందే తాకట్టులో ఉంది. ఓనరు అప్పు కట్టలేదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు, కోర్టులో దావా వేసి గెలిచేదాకా ఆగనక్కర్లేదు. వంద రూపాయల కాగితం పట్టుకుని ఆయన బ్యాంకుకు పోతే, ‘ఇది మీకూ ఆయనకూ మధ్య వ్యవహారం’ అన్నారు. ఓనరు దగ్గరకు పోతే ‘ఇస్తాను, యాడికి పోతాను’ అన్నాడు. ఇప్పటికి లక్ష దాకా ముక్కలు ముక్కలుగా వచ్చిందట. కూతురి ఇంజినీరింగ్ ఫీజుకు దాచిన డబ్బది.

నిజానికి భోగ్యం చట్టం తెలియని సరుకేమీ కాదు. ఇంటిని అప్పగించి, అందులో ఉండి అనుభవించమనే తాకట్టు గురించి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. అదే చట్టం, అట్లాంటి తాకట్టు వంద రూపాయలు, ఆ పైన ఎంతయినా సరే, రిజిస్టరు చేయాలంటుంది. వందకే రిజిస్ట్రేషన్ అడిగిన చట్టం ముందు మనవాళ్ళు లక్షలను వంద రూపాయల కాగితంలో చుట్టి ఇస్తున్నారు! భోగ్యానికి దిగేవాళ్ళు ఒక్క పని చేయొచ్చు. ‘ఒరిజినల్ దస్తావేజులు ఒకసారి చూపించండన్నా’ అని అడగాలి. జిరాక్సు కాదు, ఒరిజినల్. ‘బీరువా తాళం మా ఆవిడ దగ్గరుంది’ అని మూడుసార్లు అంటే ఆ దస్తావేజులు ఏ బ్యాంకు బీరువాలో ఉన్నాయో కనుక్కోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయడం ఎట్లాగూ ఉంది.

ఇంటి సొంతదారుకూ బాడుగకున్నవారికీ మధ్య చట్టం లేదా అంటే, బోలెడుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో అడ్వాన్సు ఒక నెల బాడుగకు మించి తీసుకోకూడదని ఉండేది. అవునండీ, ఒక నెలే! ఎవరికైనా తెలుసా? నాకు నాలుగో ఇంటికి గానీ తెలియలేదు. తెలిసేసరికి అది నాకు వర్తించదనీ తెలిసింది. 2005లో చేసిన సవరణతో మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన బాడుగ ఇళ్ళు ఆ చట్టం గొడుగు కిందినుంచి బయటికి వచ్చేశాయి. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయ్యింది, చిత్తూరు 2012లో. తర్వాత రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం చేసింది. బాడుగ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదు, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, గొడవ వచ్చిందని నీళ్ళూ కరెంటూ ఆపకూడదు అని అందులో ఉంది. కానీ అది నమూనా. రాష్ట్రాలు తమదిగా చేసుకుంటేనే చట్టం.

అగ్రిమెంటు అనగానే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న లెక్కతో ఒక నెల ముందే గీత గీస్తారు, అంతే. అందులో శాస్త్రమూ లేదు, వాస్తూ లేదు. అయినా రాసుకోవడం రాసుకోకపోవడం కంటే నూరు రెట్లు నయం. ఏ కాగితమూ లేకుండా నెల బాడుగకు ఉన్నవాళ్ళను ఖాళీ చేయించాలన్నా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ‘రేపు పొద్దునకల్లా సామాను బయట పెట్టు’ అనే హక్కు ఎవరికీ లేదు.

ఇల్లు దెబ్బతింటే ఏమిటనేది 2021 నవంబరులో తిరుపతికి బాగా తెలిసొచ్చింది. ఆ నెల మూడో వారంలో కురిసిన వానకు కాలనీలకు కాలనీలే మునిగాయి. కొద్దిరోజులకు ముత్యాలరెడ్డిపల్లె వైపు శ్రీకృష్ణానగర్‌లో ఓ ఇంట్లో భూమిలో ఉన్న నీళ్ళ తొట్టి, లోపల ఒకామె దిగి శుభ్రం చేస్తుండగానే, సిమెంటు ఒరలతో సహా అడుగుల కొద్దీ పైకి లేచింది. అదృష్టం బాగుండి ఆమె క్షేమంగా బయటపడింది. ఆ చుట్టుపక్కల గోడలకు పగుళ్ళు వచ్చాయి. జనం పిల్లలను తీసుకుని బయటికి వచ్చేశారు. టీవీల్లో తొట్టిని చూశాం, వింత అనుకున్నాం. పగుళ్ళిచ్చిన ఇళ్ళలో బాడుగకున్నవాళ్ళ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఇల్లు వాళ్ళది కాదు, కానీ పైకప్పు వాళ్ళ నెత్తి మీదే ఉంది. ఆ వానల తర్వాత నాకు తెలిసినవాళ్ళు ఒకరు తడిసిన ఇంటిని వదిలి బంధువులింట్లో తలదాచుకున్నారు. ఆ నెల బాడుగ మాత్రం ఫోన్ చేసి మరీ అడిగి తీసుకున్నారు. అదే 1882 నాటి చట్టంలో ఒక మాటుంది. వరదకో అగ్నిప్రమాదానికో ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, లీజు ఇక చెల్లదని చెప్పే హక్కు బాడుగకున్నవాళ్ళది. ఓనరు చేయాల్సిన రిపేరు చెప్పినా చేయకపోతే, మనమే చేయించి ఆ ఖర్చు బాడుగలో మినహాయించుకోవచ్చు కూడా. దీన్ని వాడుకున్నవాళ్ళను నేనింతవరకు చూడలేదు. చెప్పినట్టు రుజువుండాలి కదా! మనం చెప్పేదంతా మెట్ల దగ్గర నిలబడి, నోటితో.

అందుకే అయిదో ఇంటి నుంచి నేను పద్ధతి మార్చాను. దిగిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్చులు ఫోన్‌లో ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపిస్తాను. ‘ఇల్లు బాగుందండీ’ అని కింద ఓ దండం బొమ్మ పెడతాను. కోపమూ రాదు, తారీకూ పడుతుంది. బాడుగ చేతికివ్వను, ఫోన్‌పేలో ఏ నెలదో రాసి వేస్తాను. పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో ముందే అడిగి కాగితంలో రాయిస్తాను. మొదట్లో ఒక ఓనరమ్మ ‘ఏమప్పా, పేపరోళ్ళంటే ఇట్లాగే ఉంటారా’ అంది. ఆ తర్వాత పక్క పోర్షనుకు వచ్చినవాళ్ళతో తనే రాయించుకుంది.

చుట్టాల సంగతి కాగితంలో ఎట్లా రాయాలో మాత్రం ఇంతవరకూ తెలియలేదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి కొత్త జిల్లా అయ్యాక చిత్తూరు నుంచి బదిలీ మీద వచ్చిన మా బావ స్నేహితుడొకాయన ఇల్లు వెతుక్కుంటూ నన్ను సలహా అడిగాడు. ‘చుట్టాలు వస్తారా అంటే ఏం చెప్పాలన్నా?’ అని. రారని చెబితే అబద్ధం. వస్తారని చెబితే ఇల్లు లేదు. ‘ఎప్పుడైనా’ అని చెప్పమన్నాను. అది అబద్ధం కాదు. ఎప్పుడైనా వస్తారు మరి, చెప్పకుండా.

పోయిన నెల గోవిందరాజస్వామి గుడి దగ్గర కొర్లగుంట ఓనరు కనిపించారు. బాగా చిక్కిపోయారు. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నారు.

“నువ్వే నయం నాయనా. చుట్టాలొస్తే వచ్చినారు గానీ, ఒకటో తారీకుకల్లా బాడుగిస్తా ఉంటివి. ఇప్పుడుండే వాళ్ళకు చుట్టాలూ రారు, బాడుగా రాదు.”

నవ్వాలో వద్దో తెలియలేదు. నీళ్ళెట్లా ఉన్నాయని అడిగాను. కొత్త బోరు వేయించారట, పర్వాలేదట. నోరు ఊరుకోదు కదా... “పైన పోర్షను ఖాళీ అయితే చెప్పండి సార్” అనేశాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు.

“మీ ఊరోళ్ళు ఇంకా వస్తా ఉండారా?”